వేషం కాని పెళ్లి

పోయిన వారం మనం రెనాతాను గ్రాబోవా కోట కింది మైదానంలో వదిలి వచ్చాం. గుడారం వెనక గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, తొక్క తీసిన బంగాళదుంపల గిన్నెను ఒక గోనెపట్టా కింద దాస్తోంది. పదిహేనో శతాబ్దంలో పోలండులో బంగాళదుంప లేదట. టమాటా లేదు, మొక్కజొన్న లేదు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఫోను లేదు. ఫోన్లన్నీ గేటు దగ్గర ఒక బుట్టలో వేసి రావాలి. పాతకాలపు యుద్ధాలను వేషాలు కట్టి ప్రదర్శించే యోధుల సంఘం పెద్ద బోగుష్ ఆ జాబితాను ప్రతి గుడారం గుంజకూ కట్టించాడు.

ఆ సంఘంలో రెనాతా భర్త లేషెక్ చేరి నాలుగేళ్లయింది. వారమంతా అపార్ట్‌మెంట్లలో లిఫ్టులు బాగుచేసే మనిషి, శనివారం వచ్చేసరికి ఇనుప చొక్కా తొడుక్కుని, కళ్లజోడు తీసేసి, కనపడని శత్రువు మీదికి కత్తి పట్టుకుని పరిగెడతాడు. పశువైద్యం చివరి సంవత్సరం చదువుతున్న కూతురు కింగా తండ్రి వెనకే చేరింది. ఇంట్లో మిగిలింది రెనాతా ఒక్కతే. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. వారానికి అయిదు రోజులు విరిగిన ఎముకలు చూసేదాన్ని, ఆరో రోజు అవి విరుగుతుండగా చూడలేను అంటుంది.

అయినా ఈసారి వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకు కోటలోని ప్రార్థనా మందిరంలో పాతకాలపు పెళ్లి ప్రదర్శన. పెళ్లికూతురి వేషం కింగాది. ఆ వేషానికి గౌను కుట్టింది రెనాతా. మిషను కుట్టు పనికిరాదు. ముప్పై నాలుగు గుండీలు, ఒక్కోదానికీ గుడ్డ చుట్టి కుట్టాలి. మూడు నెలల పాటు డ్యూటీ నుంచి వచ్చి, సంఘాన్నీ మొగుణ్నీ పదిహేనో శతాబ్దాన్నీ కలిపి తిడుతూ కుట్టింది.

"అమ్మా, మీరేనా కింగా వాళ్ల అమ్మగారు?"

తలెత్తి చూస్తే ఎదురుగా గోధుమరంగు అంగీ, నడుముకు తాడు కట్టుకున్న సన్యాసి. ఆ మైదానంలో సన్యాసులకు కొదవ లేదు. నిన్న సాయంత్రం అలాంటి సన్యాసే ఒకడు ఆమెను కూర్చోబెట్టి అరగంట సేపు బీమా పాలసీ గురించి చెప్పాడు.

"నేనే. బంగాళదుంపల గురించైతే వెళ్లి బోగుష్‌తో చెప్పుకోండి," అంది రెనాతా, గోనెపట్టాను మోకాలితో అదుముతూ.

"దుంపలున్నాయా? ఉడికాక నాకూ రెండు ఉంచండి. ఇక్కడి గంజి తినలేక చస్తున్నాను." అతను చంకలోంచి ఒక అట్ట ఫైలు తీశాడు. "నేనొచ్చింది మీ పుట్టింటి పేరు గురించి. క్రులికోవ్‌స్కా కదా. కింగా జ్ఞానస్నానం కాగితంలో గీత ఉన్న 'ఓ' రాశారు. మున్సిపాలిటీ వాళ్లిచ్చిన దాంట్లో మామూలు 'ఉ' ఉంది. మన పోలిష్‌లో పలికితే రెండూ ఒకటే అనుకోండి. కానీ రిజిస్టర్లో తప్పు పడిందంటే రేపు ఆ పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాలి."

"ఏ రిజిస్టరు?"

"పెళ్లి రిజిస్టరమ్మా."

"నాటకానికి రిజిస్టరేమిటి?"

సన్యాసి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఫైలులోకి చూసుకున్నాడు. మళ్లీ ఆమెను చూసేసరికి అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"మీరు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏం చేస్తారు?" అని అడిగింది రెనాతా.

"ఏటి అవతల ఊళ్లో ఫాదరీనమ్మా. ఇగ్నాత్సి నా పేరు. పద్దెనిమిదేళ్లుగా అదే చర్చిలో ఉన్నాను."

"అంగీ వేషం కాదా?"

"అంగీ వేషమే. ఫాదరీని మాత్రం నిజమే."

రెనాతా లేచి నిలబడింది. జీన్సు మోకాళ్లకు గడ్డి అంటుకుంది. ఆ జీన్సు మీద నారబట్ట ఆప్రాన్ ఒకటి కట్టుకోవడమే ఆమె సంఘానికి చేసిన మహోపకారం. బోగుష్ ఎదురుపడిన ప్రతిసారీ ఆ జీన్సును చూసి కళ్లు మూసుకునేవాడు.

"పెళ్లికొడుకు ఎవరు?" అంది. తనకు చెప్పినదాని ప్రకారం ఆ వేషం బోగుష్ తమ్ముడిది.

"తీమోన్."

"పియానోలు శ్రుతి చేసే తీమోనా?"

"అవునమ్మా." ఆయన ఫైలు మూసేశాడు. "నేనేదో చెప్పకూడనిది చెప్పినట్టున్నాను."

"లేదు ఫాదర్. ఈ మైదానం మొత్తంలో నాతో నిజం చెప్పింది మీరొక్కరే. గీత ఉన్న 'ఓ' రాయండి."

లేషెక్ తమ గుడారం ముందు రెండుగా వంగి, చేతులు నేలకు ఆన్చి, తడిసిన కుక్కలా ఒళ్లు విదిలించుకుంటున్నాడు. పొద్దుటి యుద్ధ ప్రదర్శన ఇప్పుడే అయింది. పధ్నాలుగు కిలోల ఇనుప చొక్కాను విప్పాలంటే అదొక్కటే దారి. చొక్కా నడుము దాటి, వీపు దాటి, తల దగ్గర ఇరుక్కుపోయింది. మనిషి కనపడటం లేదు. ఇనుప వలలో నుంచి రెండు చేతులు మాత్రం బయటికి వచ్చి గాలిలో తడుముతున్నాయి.

"లేషెక్."

"రెన్యా, దేవతలా వచ్చావు. ఆ అంచు పట్టుకుని లాగు."

రెనాతా అంచు పట్టుకుంది. లాగలేదు.

"ఒంటిగంటకు ఏం జరుగుతోంది?"

చేతులు ఆగిపోయాయి.

"ప్రదర్శన," అంది ఇనుము లోపలి గొంతు.

"మున్సిపాలిటీ కాగితాలతోనా?"

ఇనుప చొక్కా ఒకసారి గలగలమంది. "ఇగ్నాత్సి కలిశాడా?" అన్నాడు చివరికి.

"కలిశాడు. పాపం, నా పేరు సరిగ్గా రాయాలని ఆయన తాపత్రయం. ఆయనకున్న శ్రద్ధలో పావువంతు మీ తండ్రీకూతుళ్లకు ఉంటే బాగుండేది. ఎవరికిస్తున్నావయ్యా పిల్లని? పోయిన ఆగస్టులో నీ కాలర్‌బోన్ విరగ్గొట్టినవాడికా? ఆ ఎక్స్‌రే తీసింది నేను. ఎముక రెండు ముక్కలై ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంది. ఆరు వారాలు నీ చొక్కా గుండీలు నేను పెట్టాను. మాంసం నేను కోసిచ్చాను. జుట్టు నేను దువ్వాను."

"అతను కొట్టలేదు రెన్యా."

"ఆసుపత్రికి వచ్చి నా ముందే ఒప్పుకున్నాడు. గొడ్డలి చేతిలో పట్టుకుని మరీ."

"ఒప్పుకున్నాడు. కొట్టలేదు."

"మరి ఎవరు కొట్టారు?"

"ముందు దీన్ని లాగు. ఊపిరాడటం లేదు."

"ముందు చెప్పు. ఊపిరి తర్వాత."

ఇనుము లోపల లేషెక్ ఒక నిట్టూర్పు విడిచాడు. "కింగా," అన్నాడు.

ఆ తర్వాత మాటలు వాటంతట అవే దొర్లుకుంటూ వచ్చాయి. పోయిన ఆగస్టులో కింగా, తీమోన్ దగ్గరున్న రెండో శిరస్త్రాణం పెట్టుకుని ఎదుటి పక్షంలో దిగిందట. దాని ఇనుప రేకు ముఖం మీదికి దించుకుంటే ఎవరు ఎవరో తెలియదు. తండ్రిని తండ్రని పోల్చుకోకుండానే కొట్టింది. లేషెక్ పడిపోయాక ఆ పిల్ల పక్కన కూలబడి వణికిపోతుంటే, జనం వచ్చేలోపు తీమోన్ ఆమె చేతిలోంచి గొడ్డలి తీసుకున్నాడు. యుద్ధంలో దిగనని కింగా తల్లికి మాట ఇచ్చి ఉంది. అదీ వట్టి మాట కాదు, చనిపోయిన అమ్మమ్మ జపమాల చేతికిచ్చి వేయించిన ఒట్టు.

"అదేం కావాలని కొట్టలేదు," అన్నాడు లేషెక్. ఒక క్షణం ఆగి, "దెబ్బ మాత్రం చక్కగా వేసింది. ఆ మాట చెప్పుకోవాలి," అన్నాడు.

రెనాతాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇనుప చొక్కా అంచు చేతిలో చల్లగా, నూనె జిడ్డుగా ఉంది. ఇంత సంగతి దాచిన మనిషి పక్కనే సంవత్సరం పాటు పడుకుంది.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"సంఘంలో కొందరికి."

"కొందరంటే?"

"అరవై మంది."

"ఫాదర్‌కి?"

"పాపం ఒప్పుకోవడానికి వెళ్లినప్పుడు చెప్పాను. ఆయన ఎవరికీ చెప్పడుగా."

"పెళ్లి సంగతి మా అక్కకి?"

"మీ అక్క ఉన్ని దుప్పటి పంపింది. బూడిదరంగుది. చాలా బాగుంది."

రెనాతా అంచు వదిలేసింది. పధ్నాలుగు కిలోలూ మళ్లీ లేషెక్ తల మీదికి జారాయి.

"రెన్యా. రెన్యా, దీన్ని..."

"నీ సంఘాన్ని పిలుచుకో. అరవై మంది ఉన్నారుగా."

ఆడవాళ్ల గుడారంలో కింగా ఒక్కతే ఉంది. ఆకుపచ్చ ఉన్ని గౌనులో నిలబడి, మెడ వంచి, మణికట్టు దగ్గరి గుండీలతో కుస్తీ పడుతోంది. తల్లిని చూడగానే నవ్వబోయింది. ఆమె ముఖం చూసి ఆపేసింది.

"నాన్న చెప్పాడా?"

"నాన్న ఇనుములో ఇరుక్కున్నాడు కాబట్టి చెప్పాడు. లేకపోతే నువ్వు మనవల్ని ఎత్తుకొచ్చేదాకా చెప్పేవాడు కాదు."

"అమ్మా, కూర్చో."

"కూర్చోను. చెప్పు. ఏమిటి మీ పథకం? నేను నా కూతురి పెళ్లికొచ్చి, జనంలో ఒక మూల నిలబడి, ప్రదర్శన బాగుందని చప్పట్లు కొట్టి ఇంటికెళ్లాలా?"

"కాదు. మందిరంలోకి వెళ్లే ముందు నేను నీ దగ్గరికొచ్చి చెప్పాలనుకున్నాను. నిజంగానే."

"అంత ఆలస్యంగానా?"

"అప్పుడైతే నువ్వు వెళ్లిపోలేవు." కింగా కళ్లు దించుకుంది. "జనం ముందు నువ్వు మర్యాదగా ఉంటావు."

ఆ మాట నిజం. నిజం కాబట్టే రెనాతాకు ఒళ్లు మండింది.

"అంటే నేనంత రాక్షసినా? కన్నతల్లికి చెప్పుకోలేనంత?"

"క్రిస్మస్ ముందురోజు రాత్రి తీమోన్ మనింటికి వచ్చాడు. గసగసాల రొట్టె పట్టుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. నువ్వు ఏమన్నావో గుర్తుందా? బల్ల మీద ఖాళీ పళ్లెం దారితప్పిన పరదేశి కోసం పెట్టాం, ఎముకలు విరగ్గొట్టేవాళ్ల కోసం కాదు అన్నావు. తలుపు వేసేశావు. రొట్టె అతని చేతిలోనే ఉంది."

"ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావు," అంది రెనాతా. ఆమె గొంతు తగ్గింది. తగ్గినప్పుడే ఆ గొంతుకు ఇంట్లో అందరూ భయపడతారు. "విరగ్గొట్టింది నువ్వు. నా పక్కన కూర్చుని చేప ముక్క తింటున్నావు. ఒక్క మాట అనలేదు."

కింగా మణికట్టు దగ్గరి గుండీని వదిలేసింది.

"నువ్వు ఒట్టు తప్పినందుకు కాదే నాకు కోపం. తప్పావు, సరే, నీ వయసులో నేనూ తప్పాను. ఒక మనిషిని ఏడాది పాటు ఉత్తపుణ్యానికి నా చేత అసహ్యించుకునేలా చేశారు. పండగ పూట గడప దగ్గరి నుంచి వెళ్లగొట్టించారు. ఆ పాపం ఎవరి ఖాతాలో వెయ్యను? నాకేం తెలుసు? నేను నా మొగుడి ఎముక చూశాను, ఒప్పుకున్నవాణ్ని చూశాను. అంతేగా నాకు చూపించింది."

"చెప్పేస్తానని చాలాసార్లు అన్నాను. తీమోనే వద్దన్నాడు. మీ అమ్మకు నా మీద కోపం వస్తే నాకు తిండి తగ్గదు, నీ మీద కోపం వస్తే నువ్వు పరీక్షలు రాయలేవు అన్నాడు. పరీక్షలయ్యాక ఇంక ఎలా చెప్పాలో తెలియలేదు. రోజులు గడిచేకొద్దీ పెద్దదైపోయింది."

బయట ఎవరో డోలు సరిచేసుకుంటున్నారు. గుడారం బట్ట మీద ఎండ పడి లోపలంతా పసుపుగా ఉంది. ఆ వెలుతురులో కూతురు నిలబడి ఉంది, తాను ఊళ్లో అందరినీ తిడుతూ కుట్టిన బట్టలో.

"గౌను బయట కుట్టించుకోమంటే వద్దన్నావు," అంది రెనాతా. "నువ్వే కుట్టాలని పీక మీద కూర్చున్నావు. రెండుసార్లు విప్పించావు."

"ఇంకెవరో కుట్టింది వేసుకుని పెళ్లి చేసుకోమంటావా?"

రెనాతా దగ్గరికి వెళ్లింది. కూతురి ఎడమ భుజం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. చంక పైన కుట్టు ముడతపడి, చెయ్యి కాస్త వెనక్కి లాగుతోంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఒక పొద్దున, మూడోసారి అతికించి, రెండు గంటల వేషానికి ఇది చాల్లే అనుకుని వదిలేసిన చెయ్యి అది.

"విప్పు."

"ఏమిటి?"

"గౌను విప్పు. వేషానికైతే చాలనుకున్నాను. పెళ్లికి ఇలా పంపను."

కింగా తెల్లటి నారబట్ట లోగౌనుతో పెట్టె మీద కూర్చుంది. రెనాతా ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చుని, ఆకుపచ్చ బట్టను ఒళ్లో పరుచుకుని, కుట్లు ఒక్కొక్కటే తెంపి మళ్లీ వేయడం మొదలుపెట్టింది.

"అయితే ఒప్పుకున్నట్టేనా?" అని అడిగింది కూతురు కాసేపయ్యాక.

"సూది చేతిలో ఉన్నప్పుడు నన్ను కదిలించకు."

అంత మాటకారి రెనాతా, అరగంట సేపు తలెత్తలేదు. కింగా దాన్ని కోపం అనుకుంది. తర్వాత, కోపం చల్లారుతోంది అనుకుంది. రెండూ కావు.

ఒంటిగంటకు ఇంకా పది నిమిషాలుందనగా గుడారం బయట ఎవరో దగ్గారు. బోగుష్ తెర తొలగించి తల లోపలికి పెట్టాడు. నెమలి ఈకల టోపీ, బొడ్డు దాకా గడ్డం. రెనాతా జీన్సు అతనికి ఎదురుగానే ఉంది. మొదటిసారి అతను కళ్లు మూసుకోలేదు.

"కింగా, తీమోన్ ఇక్కడికి వచ్చాడా?"

"పెళ్లికి ముందు ఇక్కడికెందుకొస్తాడు?"

"గుడారంలో లేడు. కవచం అక్కడే ఉంది, మడతపెట్టిన పెళ్లిబట్టలు మంచం మీద ఉన్నాయి. ఫోను గేటు దగ్గర బుట్టలోనే ఉంది. కారు లేదు." బోగుష్ గడ్డం సవరించుకున్నాడు. "గేటు దగ్గరివాడు చెప్పాడు, పొద్దున తొమ్మిదిన్నరకే వెళ్లిపోయాడట. మామూలు చొక్కాతోనే. ఏదో తెచ్చుకోవడానికి వెళ్లాడేమో అనుకుని అతను ఎవరికీ చెప్పలేదు."

లేషెక్ అతని వెనక వచ్చి నిలబడ్డాడు. ఎవరో ఇనుములోంచి బయటికి లాగినట్టున్నారు. జుట్టంతా రేగిపోయి ఉంది. "ఇంటికి వెళ్లాడేమో," అన్నాడు.

"ఇంటి తాళం నా దగ్గరుంది," అంది కింగా. ఆమె లేచి నిలబడింది. "ఎవరైనా ఏమైనా అన్నారా అతన్ని?"

బోగుష్ నీళ్లు నమిలాడు. "గేటు దగ్గరివాడు ఇంకోటి కూడా చెప్పాడు. వెళ్లే ముందు పార్కింగ్‌లో రెనాతా గారితో మాట్లాడుతూ కనిపించాడట."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

రెనాతాకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. ఈ అరగంటా ఆమె ఒక్కో కుట్టుకూ ఒక్కో మాటా గుర్తుచేసుకుంటూనే ఉంది. దారం కొరికి, గౌను చేతిని రెండువైపులా లాగి చూసి, కూతురి ఒళ్లో పెట్టడానికి లేచింది. కింగా తీసుకోలేదు.

"అమ్మా. ఏమన్నావు?"

"పొద్దున దుంపలు కొనుక్కొచ్చి కారు దిగుతుంటే ఎదురొచ్చాడు. ఒక్క నిమిషం మాట్లాడాలన్నాడు." రెనాతా గౌనును గుండెకు పట్టుకునే ఉంది. "నాకు మేలు చెయ్యాలని ఉంటే ఇవాళ నా కూతురి దరిదాపుల్లో కనిపించకు అన్నాను. ఇవాళేనా అని అడిగాడు. ముఖ్యంగా ఇవాళే అన్నాను. నువ్వు వేషం వేసుకుని సరదాగా ఉంటావు, మధ్యలో వాణ్ని చూస్తే నాకు మనసు పాడవుతుంది, అందుకని అన్నాను. నాకేం తెలుసు?"

"నీకు తెలుసనుకుని ఉంటాడు," అన్నాడు లేషెక్ మెల్లగా. "నిన్న రాత్రే నేను నీకు చెప్పేస్తానని అతనితో అన్నాను."

"మరి చెప్పావా?"

"నువ్వు అప్పటికే నిద్రపోయావు."

రెనాతా మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు ఏ శతాబ్దంలోనూ కవచం లేదు. బోగుష్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

కింగా ఏడవలేదు. తల్లి చేతుల్లోంచి గౌను తీసుకుని, తల మీది నుంచి తొడుక్కుని, చేతులు దూర్చింది. ఎడమ భుజం ఇప్పుడు సరిగ్గా కూర్చుంది.

"వెళ్లి తీసుకురా," అంది. "నాన్న కాదు, బోగుష్ కాదు. వెళ్లగొట్టింది నువ్వు, తీసుకురావాల్సిందీ నువ్వే. ఫాదర్ రెండింటిదాకా ఆగుతాడు. మూడింటికి ఆయన వాళ్ల ఊళ్లో ఒకరి అంత్యక్రియలు జరిపించాలి."

"ఎక్కడుంటాడే?"

"నాకు తెలిస్తే నేనే వెళ్లేదాన్ని."

పెళ్లికొడుకు లేడన్న సంగతి వాయించేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. కోట బురుజు మీద కొమ్ము ఊదారు. ఇనుము తొడుక్కున్న అరవై మంది దారికి రెండువైపులా బారులు తీరుతుంటే, ఆ మధ్యలోంచి రెనాతా ఆప్రాన్‌తో, ఆసుపత్రి చెప్పులతో పార్కింగ్ వైపు పరిగెత్తింది. ఎవరూ నవ్వలేదు.

మట్టిరోడ్డు అయిపోయి పెద్దరోడ్డు కలిసేచోట కారు ఆపింది. ఎడమకు వెళితే ఊరు. కుడికి వెళితే ఏరు, వంతెన, ఆ తర్వాత పడమటి దిక్కుకు పోయే హైవే. వెనక నుంచి ఒక లారీ హారన్ కొట్టి, తప్పించుకుని పోయింది. మనసు విరిగిన మనిషి ఎక్కడికి వెళతాడో ఊహించాలంటే, అతని గురించి ఏదో ఒకటి తెలిసి ఉండాలి. అమ్మ ఉందో లేదో, ఏ స్నేహితుడి దగ్గర తల దాచుకుంటాడో, ఏ బెంచీ మీద కూర్చుంటాడో. రెనాతా స్టీరింగ్ పట్టుకుని ఎంత వెతుక్కున్నా, ఏడాదిగా ఆ మనిషి గురించి తనకు తెలిసిన సంగతి ఒక్కటే ఉంది. అది అబద్ధం.